తాసింగ్ కాచిన ఉప్పు

అనగనగా మనకి తూర్పున, సముద్రాలు దాటి వెళితే ఫిలిప్పీన్స్ అనే దేశంలో ఒక ఊరు. ఆ దేశం ఒక్క ముక్క కాదు బంగారూ, వేల దీవులట. అందులో ఒక చిన్న దీవి ఒడ్డున ఉందా ఊరు. ఆ ఊళ్ళో ఇమోంగ్ అనే ఆయన ఉప్పు కాచేవాడు.

మన దగ్గర ఉప్పు మడుల్లో ఎండకి పండుతుంది కదా, అక్కడ అలా కాదు. కొబ్బరి డొక్కల్ని, అంటే కాయ మీది పీచుతొక్కల్ని, ఒడ్డున గుంటల్లో వేసి, సముద్రపు నీళ్ళలో ఆరు నెలలు నానబెడతారు. అప్పుడు వాటిని ఎండబెట్టి, వారం రోజులు నిదానంగా కాల్చి బూడిద చేస్తారు. ఆ బూడిదలోంచి మళ్ళీ సముద్రపు నీళ్ళు వడగడితే చిక్కటి ఉప్పునీరు దిగుతుంది. ఆ తర్వాత దాన్ని మట్టికుండల్లో పోసి, పొడుగాటి పొయ్యి మీద వరసగా వేలాడదీసి కాస్తారు. కుండకొక గడ్డ తయారవుతుంది. ఎంత ఉంటుందనుకున్నావు, నీ తలకాయంత. పెద్ద గుడ్డు పెట్టినట్టుంటుంది.

ఒక ఏడాది ఇమోంగ్‌కి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మూతి ఒంకరపోయింది. అప్పుడు పెద్దల్లుడు గోరియో వచ్చి ఉప్పుపాకని అడుగులతో కొలుచుకున్నాడు. ఇక కాచేవాళ్ళు లేరు కదా, వానలు ముదిరేలోగా దీన్ని పీకేసి పందుల దొడ్డి కట్టుకుంటానన్నాడు.

ఇమోంగ్ చిన్న కూతురు తాసింగ్. ఇరవై ఏళ్ళుంటాయి. ఆ పిల్ల, ఉప్పు నేను కాస్తానంది.

గోరియో నవ్వాడు. "మరదలు పిల్లా, నీకు మైకు పట్టుకోవడం వచ్చు గానీ కట్టె పట్టుకోవడం వచ్చా?" అన్నాడు. తాసింగ్‌కి పాటలంటే ప్రాణం మరి. ఊళ్ళో ఎవరి పుట్టినరోజయినా మైకు ముందు ఆమె చేతికే వెళ్ళేది.

ఇమోంగ్ ఇద్దరి మాటా విన్నాడు. గుంటల్లో నానిన డొక్కలు మూడు వాయిలకి సరిపోతాయి, ఒక్క వాయి కుదిరినా పాక తాసింగ్‌ది, మూడూ పోతే గోరియోది అని తేల్చేశాడు. ఇంకో సంగతి కూడా గుర్తు చేశాడు. వాళ్ళలో ఒక కట్టుబాటుంది. పొయ్యి ఎవరు ముట్టిస్తే మాట వాళ్ళది. వాయిలన్నీ అయ్యేదాకా పక్కవాళ్ళు ఎవరూ సలహా చెప్పకూడదు, కన్నతండ్రయినా సరే.

అలా ఆయన వెదురుబల్ల మీద నోరు కట్టుకుని కూర్చున్నాడు.

మొదటి వాయికి తాసింగ్ డొక్కలు ఎండబెట్టి నిప్పు పెట్టింది. ఐదు రోజులు కనిపెట్టుకుని ఉంది. ఆరో రోజు పక్కింట్లో పుట్టినరోజు. ఒక్క పాట పాడి వద్దామని వెళ్ళింది. ఒకటి రెండయింది, రెండు మూడయింది. మూడో పాట సగంలో ఉండగా వాన కొట్టింది. తాసింగ్ మైకు వదిలేసి పరిగెత్తింది. అప్పటికే వాననీళ్ళు బూడిదలోని ఉప్పునంతా కడిగి ఇసకలోకి పంపేశాయి. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంటే చప్పగా ఉంది.

రెండో వాయికి ఆమె ఎక్కడికీ కదల్లేదు. అన్నం కూడా అక్కడే తింది. బూడిద మీద తాటాకులు కప్పింది. ఈసారి నీరు చిక్కగా దిగింది. తెల్లారుతూనే కుండలు వేలాడదీసి పొయ్యి ముట్టించింది. నీరు ఇగురుతున్నకొద్దీ కొబ్బరిచిప్పతో పోస్తూనే ఉంది. సాయంత్రం కావస్తుండగా ఒక కుండ టప్పుమంది. ఆ తర్వాత ఇంకోటి. పగుళ్ళలోంచి ఉప్పునీరు కారి నిప్పుల మీద బుస్సుమంది. కుండలన్నీ పోతున్నాయనుకుంది తాసింగ్. గబగబా పొయ్యిలో కట్టెలు లాగేసింది.

చల్లారాక చూస్తే కుండల్లో గడ్డ లేదు. తడి అటుకుల్లాంటి ముద్ద.

గోరియో మర్నాడే పందిపిల్లల్ని బేరమాడి వచ్చాడు.

తాసింగ్ పాక వెనక్కి వెళ్ళి కూర్చుంది. అక్కడ నాన్న ఏళ్ళతరబడి పారేసిన కుండపెంకుల గుట్ట ఉంది. చిన్నప్పుడు ఆమె డొక్కలు మోసేది, నీళ్ళు మోసేది. కానీ ఆఖరి గంటలో, పెంకులు ఎగురుతాయని నాన్న పిల్లలందరినీ ఇంటికి తోలేసేవాడు. తిరిగొచ్చేసరికి తెల్లటి గడ్డ ఒకవైపు, పెంకులు ఒకవైపు. నాన్న సుత్తితో కుండ కొట్టి గడ్డ తీస్తాడనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

అప్పుడొక పెంకు తీసి విరిగిన అంచు చూసింది. సుత్తితో కొడితే అంచు లోపల ఎర్రగా ఉండాలి కదా. ఇది నల్లగా మసిబారి ఉంది. ఇంకోటి చూసింది, అదీ నలుపే. మూడోదీ అంతే. పైగా దాని పగులులో ఉప్పు బిగిసి ఉంది, అతికించినట్టు.

తాసింగ్‌కి విషయం అర్థమైంది. ఆ పెంకులన్నీ మంటలో ఉండగా పగిలినవే.

మూడో వాయి, ఆఖరి వాయి. మళ్ళీ డొక్కలు, మళ్ళీ బూడిద, మళ్ళీ పొయ్యి. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. సాయంత్రానికి మొదటి కుండ టప్పుమంది. రెండోది, మూడోది.

కట్టుబాటు సంగతి మరిచిపోయి, "పగిలిపోతున్నాయే, కట్టెలు లాగెయ్" అన్నాడు గోరియో.

"పొయ్యి ముట్టించింది నేను బావా," అంది తాసింగ్. అని, పగిలిన కుండలోనే ఇంకో చిప్పెడు నీరు పోసింది.

నీరు పగులులోంచి కారింది, బుస్సుమంది. ఆమె మళ్ళీ పోసింది. కళ్ళు మండుతున్నాయి, చేతుల నిండా పొక్కులు. తప్పు చేస్తున్నానేమోనని ఒక్కసారి నాన్న వైపు చూసింది. ఆయన పెదవి కదపలేదు. ఆమె మళ్ళీ పోసింది. అప్పుడు కారే నీరు కారే చోటే గట్టిపడి, ఒక్కొక్క పగులూ దానంతటదే మూసుకుంది. ఏ కుండ పగులుని ఆ కుండలో ఉప్పే పూడ్చింది బంగారూ.

చల్లారాక పెంకులు ఊడదీస్తే ఇరవై నాలుగు గడ్డలు. ఇరవై నాలుగూ రాళ్ళలా గట్టిగా ఉన్నాయి. గోరియో ఒకటెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, పడవ నేను నడుపుతాలే అన్నాడు.

ఎందుకంటే ఆ ఉప్పుని పడవలో వేసుకుని, ఏటికి ఎదురు వెళ్ళి, పొలాల ఊళ్ళలో వడ్లకి మార్చుకుంటారు. రేవుకి చేరగానే, ఉప్పు కాచినవాళ్ళ పేరు పెట్టి కేకేస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ రేవుల్లో పడవవాళ్ళు ఇమోంగ్ ఉప్పు అనే కేకేసేవాళ్ళు గానీ, ఇమోంగ్ మొహం అక్కడెవరూ చూడలేదు.

ఆ రోజు ఇమోంగ్ పడవ ముందు కూర్చున్నాడు. మొదటి రేవు రాగానే, ఎడమ చేత్తో అంచు పట్టుకుని, ఉన్న ఊపిరంతా తీసుకుని "తాసింగ్ ఉప్పు" అని కేకేశాడు.

ఒక ముసలమ్మ వడ్లచాట పట్టుకుని దిగి వచ్చింది. గడ్డని గీరి నాలిక మీద వేసుకుని, కాసేపు చప్పరించింది. ఉప్పు బాగుందయ్యా, తాసింగ్ ఎవరని అడిగింది.

"మా ఊరి ఉప్పు ఆవిడే కాస్తుంది," అన్నాడు ఇమోంగ్.

"మరి నువ్వెవరు?"

ఇమోంగ్ ఒంకర మూతితోనే నవ్వాడు. "నేను ఆవిడ నాన్నని," అన్నాడు.

వడ్లేమో గాదెకి, పడవేమో రేవుకి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
నిద్దరేమో కంటికి.