జెడ్ మాటల పూలదండ

కొమరగిరి జమీందారుకు ఇంగ్లీషంటే వల్లమాలిన మోజు. సభలో ఆ భాష ఎరిగినవాడు దుబాసీ రంగప్ప ఒక్కడే.

"ప్రభూ, జెడ్ అక్షరమున్న మాటలన్నీ అర్థాలతో చెబుతాను. కోట వెనక పూలతోట ఇనాముగా ఇప్పించండి" అన్నాడతను.

జమీందారు సరేనన్నారు. గుమ్మం దగ్గర దండలు కడుతున్న అచ్చియమ్మకు గుండె గుభేలుమంది. ఆ తోటే ఆమె బతుకు.

"జీరో అంటే సున్న. జెడ్మారు అంటే వెన్నెల. జిజాలు అంటే నిప్పు. కజూలి అంటే ఆకు..."

సభ నోరెళ్లబెట్టింది. ఒక్క అక్షరంలో ఇంత లోకముందా అని అచ్చియమ్మకూ ఒళ్లు పులకరించింది. మరచిపోతానన్న భయంతో సున్నకు బంతి, వెన్నెలకు మల్లె, నిప్పుకు కనకాంబరం, ఆకుకు మరువం వరసగా కట్టుకుంది.

"బాబయ్యా, ముసలిదాన్ని, మతిమరుపు. గుర్తుకోసం ఒక్కో అర్థానికి ఒక్కో పువ్వు కట్టుకున్నాను. అవే మాటలు మళ్లీ చెప్పరూ? దండ తడుముకుంటూ వింటాను."

"దానికేం భాగ్యం! జీరో అంటే సున్న."

"అవును బాబయ్యా, బంతిపువ్వు."

"జెడ్మారు అంటే... నిప్పు."

"ఇక్కడ వెన్నెలకు కట్టిన మల్లె ఉందే!"

"అదే, జిజాలు అంటే ఆకు."

"ఇది నిప్పుకు కట్టిన కనకాంబరం బాబయ్యా."

సభంతా రెప్పవేయకుండా ఆ దండనే చూసింది.

"నేర్చిన మాటలైతే అర్థాలు ఇలా తారుమారవుతాయా రంగప్పా? తోట అచ్చియమ్మదే" అన్నారు జమీందారు.

అచ్చియమ్మ వెళ్లి ఆ దండను రంగప్ప మెడలోనే వేసింది.

"లేని మాటల్లో వెన్నెల కాయించారు బాబయ్యా! అదేమన్నా తక్కువ విద్యా?"