మద్దిచెట్టు కింద రేవు

ఈ అడవిలో నాకు రాని భాష లేదు. అంటే, మూడొచ్చు. అందులో కోతిభాష తిట్ల వరకే. మిగిలినవి కొంగలదీ, జింకలదీ. గోరింకను కదా, ఆ మాత్రం డబ్బా కొట్టుకోకపోతే నాకు నిద్రపట్టదు.

మా వాగును ఎక్కడ దాటాలో కొంగలకే తెలుసు. పొద్దంతా నీళ్లలో నిలబడేది అవే మరి. వరద తీసిన ప్రతిసారీ రేవు చూసి చెబుతాయి. వాటి మాటను జింకల భాషలోకి మార్చి పాట కట్టేది నేను.

"మద్దిచెట్టు కింద రేవు,
ముద్దుపిల్లా దాటిరావే!"

జింకపిల్లలన్నిటికీ ఇది నోటికొచ్చు. అందరికంటే గట్టిగా పాడేది చుక్కి. కనిపిస్తే చాలు, "మావయ్యా, ఇంకోసారి!" అని వెంటపడేది.

ఈ ఏడు వరద తీశాక ముసలి కొంగ నన్ను పిలిచింది.

"ఒరే, మద్ది కింద ఇప్పుడంతా ఊబి. రేవు తుమ్మచెట్టు కిందికి జరిగింది. జింకలకు చెప్పు."

"చెప్తాలే తాతా. పాట మార్చడం ఎంతసేపు!"

పొదలోంచి నక్క తల బయటపెట్టింది. మా భాషలు దానికీ వచ్చు.

"అంత చక్కని పాటను మార్చేస్తావా అల్లుడూ?"

"రేవు మారిందట మామా."

"మారితే మారింది. మద్దికి ముద్దు కుదిరింది. తుమ్మకేం కుదురుతుంది, దుమ్మా?"

పడీపడీ నవ్వాను. మంచి మాట దొరికాక మారుద్దాంలే అనుకున్నాను. ఊబిలో దిగబడినవి ఎవరి పొట్టలోకి వెళ్తాయో ఆలోచించలేదు.

మర్నాడు చుక్కి తల్లికంటే ముందు పరుగెత్తింది. దారి నోటికొచ్చు కదా. పాడుతూనే మద్ది కింద దిగింది. "ముద్దుపిల్లా" వరకే వినిపించింది.

"తుమ్మ! తుమ్మ కింద!" అని అరుస్తూ ఎగిరాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. నాకు చేతులు కూడా లేవు. గట్టుమీద నక్క అప్పటికే కూర్చుని ఉంది.

సాయంత్రం చుక్కి తల్లి నా కొమ్మ కిందికి వచ్చింది.

"రేవు మారిందని నీకు తెలుసా తమ్ముడూ?"

నాకు మూడు భాషల్లోనూ మాట రాలేదు.

ఆమె మిగతా పిల్లల్ని దగ్గరికి పిలిచి, మెల్లగా పాడింది.

"తుమ్మచెట్టు కింద రేవు,
అమ్మ వెంట దాటిరావే."

అసలు మాట మారిన రోజే అనువాదమూ మారాలి. లేదంటే అది తియ్యటి అబద్ధం.

ఇప్పుడు అడవంతా ఆ పాటే. "ఎంత బాగా కట్టావు మావయ్యా!" అంటాయి కొత్త పిల్లలు. అది నేను కట్టింది కాదు. ఇన్నాళ్లూ కాదని అనలేదు.