జంటలాకుల కోరమ్మ తాడు

జంటలాకుల బస్టాండులో దిగి కాలువ గట్టు వెంట పడమటికి నడిస్తే ఎర్ర పెంకుల కప్పుతో పాత మునిసిపల్ కచేరీ కనబడుతుంది. కోరమ్మ తల్లి సన్నిధి అదే. గోపురం కోసం వెతకవద్దు, లేదు. ధ్వజస్తంభం లేదు, గర్భగుడి లేదు, విగ్రహం అంతకన్నా లేదు. కచేరీ వెనక వరండా గోడకు నడుమెత్తున రూపాయి బిళ్లంత కంత ఒకటి ఉంటుంది. అందులోంచి ఒక తాడు బయటికి వేలాడుతుంది. తల్లి అంటే ఆ తాడే.

గోడకు అవతల సమావేశ మందిరం. తాడు రెండో కొస అక్కడి దూలానికి వేలాడే గుడ్డ పంకాకు కట్టి ఉంటుంది. భక్తులు పసుపు చేత్తో తాడును ఒక్కసారి లాగి వదులుతారు. లోపల పంకా ఊగుతుంది. కొందరికి, అందరికీ కాదు, అవతల నుంచి కూడా ఎవరో ఒకసారి లాగినట్టు తెలుస్తుంది. అలా తెలిసినవారు అరవకూడదు, చెయ్యి వెనక్కి తీసుకోకూడదు. ఇక్కడి ఆచారం అది.

కోరికలు తీరుస్తుంది కనుక కోరమ్మ అయిందని బయట కొబ్బరికాయలమ్మేవారు చెబుతారు. దేవాదాయ శాఖ వారు పెట్టిన బోర్డు మీదా అదే ఉంది. చదవడానికి బాగుంటుంది గాని నిజం కాదు. ఆ పేరు ఒక పొరపాటులో పుట్టింది. ఆ పొరపాటు చేసినది నాంచారు అనే పంకా లాగే మనిషి.

పూర్వం ఇక్కడ ఊరే లేదు. కాలువ తవ్వి రెండు లాకులు కట్టాక పడవలు ఆగడం మొదలైంది, పడవల వెనక కొట్లు, కొట్ల వెనక ఇళ్లు వచ్చాయి. లాకులు కట్టిన ఇంగ్లీషు ఇంజనీరు దొర, ఊరన్నాక కౌన్సిల్ ఉండాలని పట్టుబట్టి ఈ కచేరీ కట్టించాడు. తన ఊరి సంగతి ఆయన తరచు చెప్పేవాడట. ఆ ఊళ్లో ఉన్ని వర్తకులు రాజుగారిని ప్రాధేయపడి, మా ఊరు మేమే చూసుకుంటామని ముద్ర వేసిన పత్రం తెచ్చుకున్నారు. సంత మీద మేడగదిలో కూర్చుని గంట కొట్టి సభ జరిపేవారు. బాటలు, బావులు, వీధి దీపాలు, మురుగు, మశూచి టీకాలు, ఇవేవీ రాజు వచ్చి చూడడు, ఊరే చూసుకోవాలి. ఒక మంచు కాలంలో ముగ్గురే వచ్చి, బీదవాళ్ల గొర్రెలు మేసే బీడును తమలో తాము పంచేసుకున్నారు. అది చూశాక, అయిదుగురైనా లేనిదే సభ సభ కాదని రాసుకున్నారు. ఆ హాజరు సంఖ్యకు పేరు కోరం.

దొర ఆ నియమాన్ని ఇక్కడి పుస్తకంలోనూ రాయించి వెళ్లిపోయాడు. కౌన్సిల్లో పన్నెండు మంది, కోరం అయిదుగురు. సభకు రానివాళ్లను కాపాడడానికి పుట్టిన నియమం జంటలాకులకు వచ్చేసరికి రానివాళ్ల చేతిలో కత్తి అయింది.

నాంచారుది లాకుల దిగువన ఉన్న గుల్లపేట. నత్తగుల్లలు కాల్చి సున్నం చేసేవాళ్ల పేట అది. అక్కడి ఆడవాళ్ల పాదాలు సున్నానికి తెల్లబారి, పగిలి, దూరం నుంచి చూస్తే బూడిద తొక్కినట్టుండేవి. మొగుడు బట్టీ పొగకు దగ్గి దగ్గి పోయాక నాంచారుకు కచేరీలో పంకా తాడు దొరికింది. అంతకు ముందు లాగిన మగవాళ్లు నిద్రపోయేవారట. ఆడదైతే నిద్రపోదని, పోయినా తిట్టడం తేలికని ఆమెను పెట్టారు. ఆమె కూర్చునేది గోడ బయట. లోపల పెద్దమనుషులకు గాలి తగిలేది గాని గాలి విసిరే మనిషి కనబడేది కాదు. ఆమెకు వాళ్లు కనబడకపోయినా ప్రతి మాటా కంతలోంచి వినబడేది.

ఊరి మురుగంతా ఒక తూములోంచి కాలువలో పడేది. ఆ తూముకు దిగువనే గుల్లపేట రేవు. నీరు పారినన్నాళ్లు ఎలాగో గడిచేది. ఎండాకాలంలో లాకుల మరమ్మతుకని పైనుంచి నీళ్లాపి కాలువ కట్టేస్తే రేవులో మిగిలేది ఆ మురుగే. అదే తాగాలి. ఏటా కాలువ కట్టిన వారం లోపల పేటలో పసిపిల్లల వాంతులు మొదలయ్యేవి. నాంచారు కొడుకులిద్దరూ అలాగే, ఒకడు ఒక ఏడు, రెండోవాడు మరుసటి ఏడు పోయారు. ఇక మిగిలింది ఆరేళ్ల కూతురు బుల్లెమ్మ.

తూమును గుల్లపేట దాటాక కలిసేటట్టు మళ్లించాలని హోమియో డాక్టరు పురుషోత్తం, మిషన్ బడి మాస్టరు దానియేలు తీర్మానం పెట్టారు. కొత్త మురుగు కాలవ చైర్మన్ విశ్వపతి గారి మామిడితోట పక్కనుంచి పోవాలి. వద్దని ఎవరూ అనలేదు. పిల్లలు చస్తున్నారంటే వద్దనడం పెద్దరికానికి బాగుండదు. అందుకని సభకు రావడం మానేశారు. ఎనిమిది మందికి ఒకే రోజున పెళ్లిళ్లు, జ్వరాలు వచ్చేవి. డాక్టరు, మాస్టరు, చైర్మన్, కాఫీ కోసం తప్పకుండా వచ్చే ఆయన బావమరిది చలపతి, ఈ నలుగురే కూర్చునేవారు. చైర్మన్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "కోరం లేదు. సభ వాయిదా" అనేవారు.

ఆ మాట నాంచారు మూడు నెలలు వింది. మూడోసారి సభ అయ్యాక హెడ్ గుమాస్తా అనంతాచారి వరండాలోకి వస్తే అడిగింది.

"అయ్యగారూ, ఆ కోరమ్మ ఎవరండీ?"

"ఏ కోరమ్మే?"

"ఎప్పుడూ రాదంట గదండీ ఆవిడ. ఆవిడ రాలేదనేగా మా తూము ఆపేస్తన్నారు. ఒంట్లో బాగోదా ఏంటి?"

అనంతాచారి గోడ పట్టుకుని నవ్వాడు. అసలు సంగతి చెబితే సరిపోయేది. కాని అంత మంచి హాస్యాన్ని వదులుకోలేకపోయాడు.

"ఆవిడ గొప్పింటి మనిషే నాంచారూ. పిలవందే రాదు. వెళ్లి పిలుచుకురా పో."

"ఎక్కడుంటదండీ?"

"నీళ్లలో ఉంటుందిలే. మీ రేవులో వెతుక్కో."

సాయంత్రానికి ఈ ముచ్చట ఊరంతా పాకింది. చలపతి ఎదురైనప్పుడల్లా "ఏమే, మీ చుట్టం వచ్చిందా?" అని పలకరించేవాడు.

నాంచారు మాత్రం రేవు మెట్ల మీద పేట ఆడవాళ్లను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. కోరమ్మ అనే ఆవిడ వస్తే తూము మారుతుంది, పిలిస్తే గాని రాదు.

"వస్తే మాత్తరం ఏ కుర్చీలో కూకుంటదే? ఆళ్లు లేత్తారా?" అంది నాంచారు అత్త.

"ముందు రానీ అత్తా. కూకునేది ఆవిడ చూసుకుంటది."

నీళ్లు తాకే చివరి మెట్టుకు పసుపు రాశారు. బిందె ముంచబోయే ముందు ప్రతి ఆడమనిషీ నీళ్లలోకి వంగి, "కోరమ్మా, రావే. వచ్చి కూకోవే" అని మూడుసార్లు పిలిచేది.

తొమ్మిదో రోజు నుంచి పేటలో లెక్కలు తప్పడం మొదలైంది. ఏడుగురు నీళ్లకు వెళితే, పొడి మెట్ల మీద ఎనిమిది మంది తడి అడుగులు పైకి వచ్చేవి. బట్టీ దగ్గర అయిదుగురు గంపలెత్తితే ఆరు నీడలు పడేవి. ఎవరికి వారు తమ పక్కనున్న మనిషే ఎక్కువ మనిషేమోనని చూసుకునేవారు. చూస్తే అందరూ తెలిసిన మొహాలే. మళ్లీ లెక్కపెడితే ఒకరు ఎక్కువ. నలుగురు పిల్లలకు నాంచారు అత్త ముంతల్లో గంజి పోస్తుంటే బుల్లెమ్మ, "అయిదోదానికి పొయ్యవే నాయనమ్మా, చూస్తా ఉంది" అంది. నాయనమ్మ ఆ వైపు తలెత్తకుండా అయిదో ముంత తెచ్చి పోసింది. ఆ ముంత తర్వాత ఖాళీగా కనబడింది.

కాలువ కట్టేయడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా నాలుగో సభ పెట్టారు. దానికి ముందు రోజు మధ్యాహ్నం చైర్మన్ గారు సమావేశ మందిరంలో కునుకు తీస్తుంటే బయట నాంచారు తాడు లాగుతూ తానూ కునికింది. కలలో వరండా మెట్టు మీద ఒక మనిషి అటు తిరిగి కూర్చుని జుట్టు పిండుకుంటోంది. ఎంత పిండినా నీళ్లు వస్తూనే ఉన్నాయి.

"పిలిచారు, వచ్చాను" అందామె తిరగకుండానే. "గుమ్మంలోంచి నన్ను రానివ్వరు. నీ తాడు పట్టుకుని వెళతాను. నడిమధ్యన వదిలావంటే ఇటూ కాకుండా అటూ కాకుండా ఈ గోడలో ఉండిపోతాను. వదలకు."

మెలకువ వచ్చేసరికి ఎర్రటి ఎండ. తాడు కంత దగ్గర నుంచి ఆమె గుప్పిటి దాకా తడిసి ఉంది.

మర్నాడు సభకు నలుగురే వచ్చారు. అనంతాచారి అలవాటుగా తలలు లెక్కపెట్టి, "అయిదు" అన్నాడు.

"నలుగురమయ్యా" అన్నారు చైర్మన్ గారు.

గుమాస్తా మళ్లీ లెక్కపెట్టాడు. అయిదు. పేర్లు చదివాడు. నాలుగే. చలపతి లేచి లెక్కపెట్టి, కూర్చుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు. అయిదో మనిషి ఎవరని అడిగితే వేలెత్తి చూపలేరు. చూపబోతే పక్క మనిషికి తగులుతుంది వేలు.

చైర్మన్ గారికి కోపం వచ్చింది. లేచి, బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి వేసి లెక్కపెట్టసాగారు. ముందు తన నెత్తి తడుముకుని "ఒకటి" అన్నారు. డాక్టరు రెండు. మాస్టరు మూడు. చలపతి నాలుగు. నాలుగు దగ్గర ఆగిపోవాల్సిన చెయ్యి ఆగలేదు. ఎదురుగా ఉన్న గాలిలో మరో నెత్తి మీద దిగింది. చెయ్యి తీసుకుంటే అరచేతి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన "అయిదు" అనలేదు. అనక్కర్లేకపోయింది.

గోడ బయట నాంచారు లాగడం ఆపి చాలాసేపయింది. తాడు దానంతటదే ఆమె చేతిని కంత దాకా ఈడ్చుకుపోయి మళ్లీ వదులుతోంది. అవతలి మనిషి బలం మామూలుది కాదు. వేళ్లు ఒరుసుకుపోయి రక్తం వచ్చింది. వదలలేదు. మెల్లగా వంగి కంతకు కన్ను ఆనించింది. బల్ల కింద నాలుగు జతల చెప్పులు కనబడ్డాయి. వాటి పక్కన ఒక జత వట్టి కాళ్లు. సున్నానికి తెల్లబారిన, పగిలిన కాళ్లు. వాటి కింద నేల తడిసి ఉంది. అవి మా అమ్మవి కావచ్చు, మా అత్తవి కావచ్చు, నావే కావచ్చు అని ఆమె తర్వాత చెప్పేది. అంతకు మించి పైకి చూడలేదు.

లోపల చైర్మన్ గారు తడి అరచెయ్యి పంచెకు తుడుచుకున్నారు. "ఆడవాళ్లకు ఈ సభలో చోటు లేదు."

ఇక్కడ ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారని అప్పటిదాకా ఎవరూ అనలేదు. అనంతాచారి నియమాల పుస్తకం తెరిచాడు. "కోరం ఆడదా మగదా అని ఇందులో లేదండి. హాజరైనవారు అయిదుగురు అని ఉందండి, అంతే."

తీర్మానం చదివారు. సమ్మతించేవారు చేతులెత్తమన్నారు. డాక్టరు, మాస్టరు ఎత్తారు. గుమాస్తా లెక్కపెట్టాడు. మూడు. వద్దనేవారు ఇద్దరు. తీర్మానం నెగ్గింది. తీర్మానాల పుస్తకంలో నాలుగు సంతకాల కింద సిరా లేకుండానే ఒక తడి అరచెయ్యి ముద్ర పడింది.

పని ఎవరు చేస్తారని ఊరు తర్కించుకుంటుండగానే గుల్లపేట వాళ్లు సున్నపు గంపలతో మట్టి మోసి నాలుగు రోజుల్లో కొత్త కాలవ తవ్వేశారు. ఆ ఏడు కాలువ కట్టేశాక పేటలో ఒక్క పిల్లా పోలేదు. బుల్లెమ్మ బతికింది. విశ్వపతి గారి కుడి అరచెయ్యి మాత్రం చనిపోయేదాకా ఆరలేదంటారు. ఎక్కడికి వెళ్లినా భుజాన తువ్వాలు ఉండేది.

మన దేశంలో ఆడది దేవత కావాలంటే ముందు నూతిలోనో చితిలోనో పడాలి. కోరమ్మ వెలవడానికి మాత్రం నాంచారు దేనిలోనూ పడలేదు. మరో ఇరవై రెండేళ్లు అదే వరండాలో తాడు లాగింది, కూతురికి పెళ్లి చేసింది, మనవరాళ్లతో పోట్లాడింది. కరెంటు పంకాలు వచ్చాక తాడు తీసేసి కంత పూడ్పించారు. మేస్త్రీ పూసిన సిమెంటు ఆరలేదు. మూడుసార్లు పూస్తే మూడుసార్లూ తడి ముద్దగా జారిపడింది. తాడు మళ్లీ కట్టారు.

నేటికీ జంటలాకుల కౌన్సిల్ హాజరు పిలిచాక, "కోరమ్మతో కలిపి" అని చెప్పి సంఖ్య రాస్తారు. ఆడవాళ్లు కౌన్సిలర్లుగా ప్రమాణం చేసే ముందు తాడు లాగి వస్తారు. ఆ మధ్య గెలిచిన భార్య ఇంట్లో వంట చేస్తుంటే ఆమె కుర్చీలో భర్త వచ్చి కూర్చున్నాడు. సభ ముగిసి లేచేసరికి పంట్లాము వెనక భాగమంతా తడిసి ఉంది. వచ్చే సభకు భార్యే వచ్చింది. ఆ పాత పుస్తకం గాజుపెట్టెలో ఉంది. శుక్రవారాల్లో చూడవచ్చు. ముద్ర ఉన్న పేజీ ఇంకా చెమ్మగానే ఉంటుంది.

ఇక్కడ మొక్కుకోవడానికి మాటలు అక్కర్లేదు. మీ ఊళ్లో ఏ పని వాయిదా పడుతూ వస్తోందో తలుచుకుని తాడు లాగితే చాలు. తిరిగి వెళ్లేటప్పుడు గట్టు మీద నిలబడి మీతో వచ్చినవారిని ఒకసారి లెక్కపెట్టుకోండి. ఒకరు ఎక్కువ వస్తే కంగారు పడవద్దు, ఎవరని అడగవద్దు. బస్సులో కాస్త జరిగి చోటివ్వండి. ఆమె మీ ఊళ్లో పని ఉండి వస్తోంది.