వంతు తప్పిన పొలం

మా గురువుగారు పరాంకుశంగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే, దాని జవాబుతో నువ్వు చేయబోయే పని ఏమిటని తిరిగి అడిగేవారు. ఏమీ లేదంటే నవ్వి ఊరుకునేవారు. ఉందంటే మాత్రం, తను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెప్పేవారు. ఆయన ఎవరితోనైనా వాదించగా మేము చూడలేదు.

ఒక ఆదివారం ఉమాపతి వచ్చాడు. మాతోపాటు ఆయన దగ్గర చదువుకున్నవాడే; ఇప్పుడు సర్వే శాఖలో అధికారి. కొండ మండలాల్లో భూములన్నీ కొత్తగా కొలిచి దున్నేవారికి పట్టాలివ్వడానికి ఏదో విదేశీ సంస్థ డబ్బిస్తోందనీ, ఆ పని తనకు అప్పగించబోతున్నారనీ చెప్పాడు.

“పట్టా లేక నేల పోగొట్టుకున్నవాళ్ళని ఎంతోమందిని చూశానండీ. ఇది మంచి పనే. అయినా ఎందుకో మనసు ముందుకు పోవడం లేదు. మంచి మనసుతో చేసే సాయం వల్ల చెడు జరుగుతుందా, గురువుగారూ?”

చేయబోయే పని ఏమిటో ముందే చెప్పాడు గనక గురువుగారు తిరిగి అడగలేదు. నేరుగా నీలగూడ సంగతి చెప్పారు.

నీలగూడ కొండల మధ్య చిన్న ఊరు. వయసులో ఉన్నప్పుడు గురువుగారు అక్కడ బడిపంతులుగా పనిచేశారు. ఊరి కింద గెడ్డ పారుతుంది. గెడ్డ వారన ఉన్న పల్లపు పొలాల్లో వరి పండుతుంది. పైన కొండవాలులో రాగులూ సామలూ తప్ప ఏవీ రావు. అందుకని ఆ ఊరివాళ్ళు ఏ పొలాన్నీ ఒకరి సొంతం అనుకోలేదు. ఈ ఏడు గెడ్డ పొలం చేసినవాళ్ళు వచ్చే ఏడు వాలుకి ఎక్కేవారు, వాలులో ఉన్నవాళ్ళు పల్లానికి దిగేవారు. వాలులో కూడా ఒక చెక్క దున్నితే పక్క చెక్కను తుప్పలకి వదిలి, నేలకి విశ్రాంతినిచ్చేవారు. చైత్రమాసంలో పెద్దలు కూర్చుని వంతులు చెప్పేవారు. దాని మీద తగువు పడ్డవాళ్ళు లేరు.

ఇలాగే పట్టాలివ్వడానికి విదేశీ సాయంతో కొలతలవాళ్ళు వచ్చిన ఏడు గయారమ్మ వాలులో ఉంది. మొగుడు పోయిన మనిషి, పెళ్ళి కావలసిన కూతురు ఉంది. వచ్చే ఏడు ఆమె వంతుకి రావలసిన పల్లపు పొలాన్ని ఆ ఏడు సింహాద్రి చేస్తున్నాడు. అతను ఆమె మొగుడికి ప్రాణస్నేహితుడు. ఆమెను వొదినా అని పిలిచేవాడు. మొగుడు పోయిన ఏడు ఆమె చేనంతా అతనే దున్నిపెట్టాడు.

ఆ పనికి పైఅధికారిగా వచ్చిన విదేశీయుడు హెన్రిక్ అనే ఆయన. మంచివాడని గురువుగారు నొక్కి చెప్పారు. నేల మీద కూర్చుని అందరితో అంబలి తాగాడు. పక్క ఊళ్ళో మైదానపు వ్యాపారులు గిరిజనుల పొలాలు ఎలా మింగేశారో విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నీలగూడకి ఆ గతి పట్టకూడదన్నదే అతని తాపత్రయం. అయితే వానలు పడేలోగా పని ముగించకపోతే సాయం గడువు తీరిపోతుంది.

సర్వేయరు వాలుకి వచ్చి గయారమ్మని, ఈ నేల ఎవరు దున్నుతున్నారని అడిగాడు.

“నానే బాబూ. ఈ యేటికే. వొచ్చే యేడు గెడ్డలోకి దిగిపోతాను.”

“వచ్చే ఏడు సంగతి నేనెలా రాస్తానమ్మా? ఇవాళ ఎవరు దున్నుతున్నారో వాళ్ళ పేరే రాయాలి.”

అబద్ధమాడి ఉంటే ఏమయ్యేదో! ఆమె నిజమే చెప్పింది. సింహాద్రీ నిజమే చెప్పాడు. తుప్పలు మొలిచి విశ్రాంతిగా ఉన్న చెక్కల్ని ఎవరూ దున్నడం లేదు గనక, అవి ప్రభుత్వ బంజరులో కలిసిపోయాయి.

పట్టాలు పంచిన రోజున హెన్రిక్ చేతులు జోడించి, “ఇకమీద ఈ నేలని మీ దగ్గర నుంచి ఎవరూ లాక్కోలేరు,” అన్నాడు. పక్కనున్న ఉద్యోగి తెలుగులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గయారమ్మ లేచి, “మరి మాలో మేం ఇచ్చుకోడానికి అవుతాదా?” అని అడిగింది. ఆ ఉద్యోగి, “కూర్చోమ్మా, ఎండ ఎక్కుతోంది,” అన్నాడు. ఆమె ఏమన్నదని హెన్రిక్ అడిగితే, సంతోషంగా ఉందట అని చెప్పాడు.

మరుసటి చైత్రంలో సింహాద్రి మాట తప్పలేదు. వంతు ప్రకారం గెడ్డ పొలం గయారమ్మకి వదిలి, తను వాలుకి ఎక్కాడు. ఆమె నారు పోసింది, నాట్లు వేసింది. చేను పొట్ట మీదున్నప్పుడు, సంతలో ఎవరో అతని చెవిలో వేశారు: నీ పట్టా నేలని ఇంకొకరు దున్నుతూ పోతే కొన్నాళ్ళకి అది వాళ్ళదైపోతుందని. ఆ రాత్రినుంచి అతనికి నిద్ర లేదు. రోజూ వచ్చి గట్టు మీద నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆమె కలుపు తీస్తుంటే చూస్తూ ఉండేవాడు.

“ఏటయ్యా, కాపలా కాస్తన్నావా?” అని ఒకరోజు ఆమె నవ్వుతూనే అడిగింది.

“నాకు బయ్యంగా ఉంది వొదినా,” అన్నాడు సింహాద్రి.

ఆ పంట ఆమె కోసుకుంది. వంతు ప్రకారం ఆమె మళ్ళీ పల్లానికి దిగవలసిన ఏడు వచ్చినప్పుడు మాత్రం, అతను పెద్దల ముందు తల వంచుకుని కూర్చున్నాడు. పొలం ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. పెద్దలు అడిగి అడిగి లేచిపోయారు. ఆ తరవాత చైత్రంలో ఎవరూ కూర్చోలేదు.

గయారమ్మకి వాలులో ఒక్క చెక్కే మిగిలింది. దాన్నే ఏటేటా దున్నింది. తుప్పల్లోకి పోతే, ప్రభుత్వ బంజరని అధికారులు కేసు పెడతామన్నారు. విశ్రాంతి లేని నేల వానకి ఆగలేదు. మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలాయి. ఒక శ్రావణంలో కూతుర్ని వెంటబెట్టుకుని, సముద్రం వైపు రొయ్యల చెరువుల్లో పనికి పోయింది. వెళ్ళేముందు బడి దగ్గర ఆగి గురువుగారితో, “పంతులూ, సింహాద్రిని ఎవరూ ఏటీ అనకండి. ఆడు మంచోడే,” అంది. ఆమె మళ్ళీ రాలేదు. రెండు తుపానుల తరవాత కొండమీది మట్టీ గులకా దిగి సింహాద్రి పొలాన్ని కప్పేశాయి. అతను ఒంటరిగా తట్టలతో గులక ఎత్తిపోస్తుంటే ఊరివాళ్ళు పక్కనుంచి నడిచిపోయేవారు. ఒకప్పుడైతే అందరూ దిగేవారే.

కొన్నేళ్ళకి హెన్రిక్ ఊరు చూడడానికి మళ్ళీ వచ్చాడు. ఈసారి తెలుగులో చెప్పే పని గురువుగారిది. హెన్రిక్ రాళ్ళు తేలిన వాలునీ, గులక నిండిన పల్లాన్నీ చూశాడు. తమ కొలతల్లో ఎక్కడ తప్పు జరిగిందో చెప్పమని బతిమాలాడు.

“కొలతల్లో తప్పేమీ లేదండీ,” అన్నారు గురువుగారు. పట్టాలు పంచిన రోజున గయారమ్మ అడిగిన మాటను అప్పుడు ఇంగ్లీషులో చెప్పారు. హెన్రిక్ అక్కడే రాతి మీద కూర్చుండిపోయాడు. జీపు డ్రైవరు రెండుసార్లు పిలిచినా లేవలేదు.

గురువుగారు అంతటితో ఆపేశారు. ఉమాపతి ముఖం వాడిపోయింది. “అయితే ఈ పని నేను ఒప్పుకోవద్దంటారా?” అని అడిగాడు.

గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేసి లేచారు.

“ఒప్పుకో నాయనా. నువ్వు కాదంటే ఇంకొకడు వెళ్తాడు. వాడు నీలా ఆగి ఎవరినీ అడగడు.”