తిప్పక్క నిలిపిన బండ

అనగనగా అంటే ఎన్నేళ్ళ కిందట అని నన్నడక్కండి. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది. ఆ అవ్వకు ఎవరు చెప్పారో ఆమెకే తెలియాలి. కొండదారుల మీదికి బండిచక్రం ఇంకా ఎక్కని కాలం అది. ఉప్పు రావాలన్నా, చింతపండు పోవాలన్నా ఆడవాళ్ళ నెత్తి మీదే.

ఆ కాలంలో ఎర్రకనుమ అని ఒక కనుమ ఉండేది. కనుమకు ఇవతల ఊళ్ళు, అవతల సంత. తెల్లారకముందే బయల్దేరితే ఎండ ఎక్కేసరికి సగం దారి. ఆ సగం దారిలో చిన్న చదును. రెండు నేరేడు చెట్లు, ఒక నీళ్ళ చెలమ. అక్కడ నిలబడితే అటు ఊరు కనపడదు, ఇటు సంత కనపడదు. అయినా అక్కడ ఆగక తప్పదు. కాళ్ళు ఒప్పుకున్నా మెడ ఒప్పుకోదు.

నెత్తిన మోసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మోయనివాళ్ళకు చెబుతున్నాను, వినండి. బరువు దించడం ఒకరి పని, ఎత్తడం ఇద్దరి పని. ఎలాగో మోకాళ్ళు వంచి గంప కిందికి జార్చుకోవచ్చు. మళ్ళీ నెత్తికెత్తుకోవాలంటే రెండో మనిషి చెయ్యి వెయ్యాల్సిందే. అందుకే ఆడవాళ్ళు ముగ్గురు, నలుగురు కలిసి పోయేవాళ్ళు. ఒకరి గంప ఒకరు ఎత్తిపెట్టేవాళ్ళు.

ఇవతలి ఊళ్ళలో ఒక దాంట్లో తిప్పక్క అని ఒక వడ్డె ఆమె ఉండేది. మొగుడు పోయాడు. రాయి కొట్టి బతికేది. ఆమెకు సుంకి అని ఒక్కతే కూతురు. పదహారేళ్ళ పిల్ల, తల్లి చెవి దాకా ఎదిగింది. తల్లి నూరే కల్వాలు, రుబ్బే పొత్రాలు మలిచేది, కూతురు నున్నగా రుద్దేది. ఇద్దరూ వారానికొకసారి సంతకు మోసుకుపోయి అమ్మి, జొన్నలు తెచ్చుకునేవాళ్ళు.

ఒక వారం తిప్పక్క కాలి మీద బండ పడింది. పాదం గుమ్మడికాయంత వాచింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా జొన్నకోతల్లో ఉన్నారు. ఇంట్లో గింజ లేదు.

"అమా, నేనొక్కదాన్నే పోయొస్తా" అంది సుంకి.

"ఒక్కదానివే ఎట్ల పోతావే? చదునుకాడ దించుకుంటే ఎత్తేదెవురు?"

"ఎవురో ఒకరు వస్తారులేమా. దారే కదా అది."

తిప్పక్క ఆలోచించింది. ఆకలి ఆలోచన ఎంతసేపు చెయ్యనిస్తుంది?

"సరే పో. ఎవురొచ్చినా అన్నా అని పిలువు. అన్నా అంటే ఎంతటోడైనా తోడబుట్టినదాన్ని చూసినట్టు చూస్తాడు."

ఆ రోజుల్లో అందరూ కూతుళ్ళకు అదే చెప్పేవాళ్ళు. తిప్పక్కకు వాళ్ళమ్మ అదే చెప్పింది. వాళ్ళమ్మకు ఎన్నడూ చేటు జరగలేదు, తిప్పక్కకూ జరగలేదు. అందుకని ఆ మాట కోటగోడ అనుకున్నారు పాపం.

సుంకి పోయింది. చదునుకాడ గంప దించింది. చెలమలో నీళ్ళు తాగింది. ఎవరో ఒకాయన అటు వచ్చాడు.

"అన్నా, ఒక చెయ్యి వెయ్యన్నా" అంది.

గంప ఎత్తించుకునే మనిషిని ఎప్పుడైనా చూశారా? రెండు చేతులూ గంప అంచున ఉంటాయి. మెడ బిగుసుకుని ఉంటుంది. చూపు నేల మీద ఉంటుంది. నిన్ను నువ్వు కాచుకోవడానికి నీ దగ్గర ఏమీ మిగలదు. అంత నమ్మితేగాని బరువు నెత్తికెక్కదు.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను చెప్పను. మా అవ్వా చెప్పలేదు. పిల్లలు వింటున్నారని కాదు, నోరు రాక. వాడెవడో, ఏ ఊరివాడో ఎవరికీ దొరకలేదు. ఈ కథలో వాడికి పేరు లేదు. ఇవ్వను కూడా.

సుంకి మూడో నాడు లోయలో దొరికింది.

ఎదుటి కొండ మీద మేకలు మేపుకునే బయన్న అనే ముసలాయన ఏడుస్తూ వచ్చాడు. తిప్పక్క ముందర కూలబడ్డాడు.

"నేనిన్నాను తల్లీ. అన్నా అని ఒకసారి ఇనపడింది. అన్నా అని రెండోసారి ఇనపడింది. అన్నా అని మూడోసారి ఇనపడింది. అన్నాచెల్లెళ్ళు ఎవురో పిలుచుకుంటాండారు, మనకెందుకులే అనుకున్యా. మేకల్ని అదిలించుకోని పోతి."

తిప్పక్క ఆయన్ను తిట్టలేదు. "ఆ మాట నేర్పింది నేనే బయన్నా" అంది. 

ఊళ్ళో పెద్దలు ముగ్గురు కూర్చున్నారు. పెద్దలన్నాక కూర్చోకుండా ఉండరు కదా.

మొదటి పెద్ద అన్నాడు, "ఒంటరిగా ఎందుకు పోవాల?"

"నా కాలు నలిగింది కాబట్టి పోయిందయ్యా" అంది తిప్పక్క.

రెండో పెద్ద అన్నాడు, "పోతే పోయింది, ఆ నిర్మానుష్యంలో ఎందుకు ఆగాల?"

"మెడ ఇరిగిపోతాది కాబట్టి ఆగిందయ్యా."

మూడో పెద్ద అన్నాడు, "ఆగితే ఆగింది, ముక్కూ మొహం తెలీనోనితో మాటలెందుకు?"

"దించడం ఒకరి పని, ఎత్తడం ఇద్దరి పని. మీరెప్పుడన్నా మోసినారా అయ్యా?"

 చివరికి, ఇకమీద ఆడవాళ్ళెవరూ కనుమ ఎక్కకూడదు అని తీర్మానం చేశారు. ఆ పెద్దల ఇళ్ళలో ఉప్పు అయిపోయేదాకా తీర్మానం నిలిచింది. ఉప్పు అయిపోయింది, తీర్మానమూ అయిపోయింది. ఆడవాళ్ళు మళ్ళీ కనుమ ఎక్కారు.

కాలు మానగానే తిప్పక్క ఇంటికి తడిక కట్టేసింది. సుత్తి, ఉలి, గునపం మూట కట్టుకుని చదునుకాడికి పోయింది. నేరేడు చెట్ల కింద బోదగడ్డితో గుడిసె వేసుకుంది. కూతురు పోయిన చోట ఎట్లా ఉంటావే అని అందరూ అడిగారు. "ఇంగ యాడ ఉండమంటారు?" అంది.

ఆనాటి నుంచి ఆ దారిన ఏ ఆడమనిషి వచ్చినా తిప్పక్క లేచి ఎదురెళ్ళేది. గంప దించేది. నీళ్ళు ముంచి ఇచ్చేది. మూడు ప్రశ్నలు అడిగేది.

"ఏ ఊరు తల్లీ? యాడికి పోతాండావు? నీకోసం ఎవురు ఎదురుచూస్తాంటారు?"

జవాబు చెప్పాక గంప ఎత్తేది. ఒంటరిగా వచ్చినవాళ్ళయితే మలుపు దాకా తోడు పోయేది. తిరుగుదారిలో వాళ్ళు కనపడేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. పొద్దు వాలినా రాకపోతే తనే సంతదారిలో కేకలు వేసుకుంటూ పోయేది. ఎదుటి కొండ మీంచి బయన్న "వస్తాండా" అని పలికేవాడు. బతికినన్నాళ్ళూ ఆయన ఏ కేకకూ పలకకుండా ఉండలేదు. ఏ మేకపిల్ల అరిచినా పలికేవాడు పాపం.

ఉప్పమ్మే ఆడవాళ్ళు గుప్పెడు ఉప్పు పెట్టేవాళ్ళు. చింతపండువాళ్ళు ఇంత చింతపండు పెట్టేవాళ్ళు. కుండలవాళ్ళు ఒక ముంత ఇచ్చేవాళ్ళు. అట్లా ఏళ్ళు గడిచాయి. అక్కా అని పిలిచినవాళ్ళు అత్తా అన్నారు, వాళ్ళ బిడ్డలు అవ్వా అన్నారు.

ఒకనాడు గంగులమ్మ అనే కుమ్మరి పిల్ల ఒక్కతే వచ్చింది. తట్ట నిండా కుండలు. నీళ్ళు తాగి లేచాక తిప్పక్క తట్ట పట్టుకుని ఎత్తింది. నడుము దాకా వచ్చింది. రొమ్ము దాకా వచ్చింది. ఆ పైకి లేవలేదు. తట్ట జారిపోయింది. కుండలన్నీ చెక్కలయ్యాయి.

"పోనీలే అవ్వా, మట్టే కదా" అంది గంగులమ్మ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

తిప్పక్క తన చేతులకేసి చూసుకుంది. రాళ్ళు పిండి చేసిన చేతులు. ఇప్పుడు కుండలు మోయలేని చేతులు.

"నేనుండంగనే ఇట్లయితే, నేను పోయినాక మీకెవురు ఎత్తుతారే?" అంది.

ఆ బెంగ ఆమెను తినేసింది. మూడు రోజులు కూడు తినలేదు. మూడు రోజులూ రాళ్ళ మధ్య తిరిగింది. నాలుగో నాడు బోడిగుండు అనే పెద్ద బండరాయి పక్కన కూర్చుని ఉలి పెట్టింది. దారిన పోయేవాళ్ళకు టంగు టంగు మని వినపడింది.

"ఏం చేస్తాండావవ్వా?"

"ఎత్తే మనిషిని చేస్తాండా."

ముసలిదానికి మతి పోయిందనుకున్నారు. పెద్దలకు తెలిసింది. నవ్వారు. ఆడవాళ్ళ గంపలకు రాతి కట్టడమా అన్నారు. మనుషుల్ని పంపమని ఆమె అడిగితే కోతలున్నాయన్నారు, పెళ్ళిళ్ళున్నాయన్నారు, చూద్దాంలే అన్నారు. చూద్దాంలే అంటే చూడబోమని కదా అర్థం. అది ముసలిదానికీ తెలుసు.

ఒక ఏడాది పట్టింది. రెండు నిలువు రాళ్ళు తయారయ్యాయి, మీద పరిచే బండ ఒకటి తయారయింది. నిలబెట్టడానికి బలం కావాలి. ఈసారి ఆమె ఎవరినీ పిలవలేదు. సంతకు పోయే ఆడవాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒక సంతనాడు ఉప్పువాళ్ళు, చింతపండువాళ్ళు, కుండలవాళ్ళు అందరూ గంపలు దించి కొంగులు బిగించారు. గుంటలు తవ్వారు.

"ఎంత ఎత్తు పెడదామవ్వా?" అని గంగులమ్మ అడిగింది.

తిప్పక్క నిటారుగా నిలబడింది. అరచెయ్యి తన చెవి పక్కన పెట్టి, "ఇంత" అంది. చెయ్యి గాల్లో అట్లాగే ఉంచింది. ఒక మూర దూరం జరిగి చూసింది. మళ్ళీ వచ్చి అక్కడే పెట్టింది.

"తక్కువైతాది కదవ్వా. ఇంకో జానెడు పెంచుదాం" అన్నారు ఆడవాళ్ళు.

"పొడుగుండే వాళ్ళు మోకాలు వంచుకోవచ్చు. చిన్నపిల్ల యాడ సాగుతాది? వద్దు. ఇంతే."

ఆ చెయ్యి అంతసేపు అక్కడ ఎందుకుందో అప్పుడు అందరికీ అర్థమైంది.  గంగులమ్మ బొగ్గుతో ఆ ఎత్తుకు గీత గీసింది. ఒకటీ, రెండూ, మూడూ అంటూ రాళ్ళు నిలబెట్టారు. మీద బండ పరిచారు.

ఇప్పుడు చూడండి దాని సూక్ష్మం. బరువుతో వచ్చిన మనిషి ఆ బండకు ఆనుకుని నిలబడుతుంది. కాస్త వంగి, గంపను నెత్తి మీంచి బండ మీదికి జరుపుతుంది. మెడ తేలికపడుతుంది. పోయేటప్పుడు గంప అంచు కింద తల దూర్చి, దాన్ని మళ్ళీ నెత్తికి జరుపుకుంటుంది. గంప నేలకు దిగనే దిగదు. రెండో మనిషి చెయ్యి అక్కర్లేదు. ఎవరినీ అన్నా అని బతిమాలనక్కర్లేదు.

ఆ తర్వాత తిప్పక్క మంచం పట్టింది. గుడిసెలో పడుకుని వాకిట్లోంచి బండకేసి చూసేది. రెండో వారం ఒక మధ్యాహ్నం ఎవరో కొత్త పిల్ల ఒంటరిగా వచ్చింది. ఏ ఊరో తెలియదు. బండను చూసింది. గంప దాని మీదికి జరిపింది. నీళ్ళు తాగింది, మొహం కడుక్కుంది. నాలుగు దిక్కులా చూసుకుంది. గంప నెత్తికి జరుపుకుంది. చేతులు ఊపుకుంటూ పోయింది. గుడిసెలో ఒక ముసలమ్మ ఉందని ఆ పిల్లకు తెలియనే తెలియదు.

సాయంత్రం గంగులమ్మ గంజి తెచ్చేసరికి తిప్పక్క ఏడుస్తూ నవ్వుతోంది.

"నన్ను పిలవలేదే! ఎవుర్నీ పిలవలేదు. అట్లనే పోయింది. చూస్తి నేను" అంది.

గంజి రెండు గుక్కలు తాగింది. తెల్లారేసరికి లేదు. నేరేడు చెట్ల కిందే పూడ్చారు.

తర్వాత ఆ బండను చూసి వేరే కనుమలవాళ్ళూ నిలబెట్టుకున్నారు. ఒకటి పదైంది, పది వందైంది. ఎవరు నిలబెట్టినా పేరు మాత్రం తిప్పక్క బండే. ఆ దారుల్లో కొన్ని పద్ధతులు ఇప్పటికీ ఉన్నాయి. బండ దగ్గర ఆడమనిషి ఉంటే మగవాళ్ళు దూరంగా ఆగి, దగ్గి, ఆమె బరువెత్తుకుని మలుపు తిరిగేదాకా ముందుకు రారు. ఎవరైనా తొందరపడితే "తిప్పక్క చూస్తాంది, ఆగు" అంటారు. కనుమలో కేక వినపడితే, అది తమకు కాకపోయినా సరే, విన్నవాళ్ళు "వస్తాండా" అని పలకాలి. పలికి, పోయి చూడాలి.

ఇంకొకటుంది. ఆ బండలు ఎదిగిన ఆడవాళ్ళకు కొంచెం పొట్టి. నడుము నొప్పి పుడుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు అడుగుతుంటారు, "అత్తా, ఇంకో జానెడు ఎత్తు పెట్టుంటే బాగుండేది కదా?" అని.

అత్తలు గంప సర్దుకుంటూ ఒకటే జవాబు చెబుతారు.

"ఆ పిల్ల అంతవరకే ఎదిగిందమ్మా."