మాచమ్మ మూడు కుండలు

వాగులకింకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, పొలాలకింకా గట్లు లేని రోజుల్లో, ఒక తెల్లటి గుట్ట ఉండేది. పాలు ఒలికినట్టు ఉండేది కాబట్టి పాలగుట్ట అనేవాళ్లు. గుట్ట కింద ఒక గుడిసె. గుడిసె పక్కన ఒక సున్నపు బట్టీ. బట్టీ పక్కన ఒక గాడిద. ఆ గుడిసెలో మాచమ్మ ఉండేది.

మాచమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. సున్నం చింది ఒక కన్ను పోయింది. చేతులు పగిలి, ఎండిన చెరకు పిప్పిలా ఉండేవి. గుట్ట మీద రాయి కొట్టుకొచ్చేది, బట్టీలో పేర్చి కాల్చేది, కాలిన రాయిని గాడిద మీద వేసుకుని ఊళ్లు తిరిగేది. "సున్నమమ్మా, సున్నం" అని కేక వేసేది. తాంబూలం వేసుకునేవాళ్లు ఇంత కొనేవాళ్లు. గోడలకు పూసేవాళ్లు కొంత కొనేవాళ్లు. తోళ్లు నానబెట్టి ఊనేవాళ్లు తట్టలకు తట్టలు కొనేవాళ్లు. బెల్లం వండేవాళ్లు మాత్రం ఆమె సున్నం తప్ప ముట్టేవాళ్లు కారు. చెరకు పాలు కాగేటప్పుడు ఆమె సున్నపు నీళ్లు చిలకరిస్తే మడ్డి అంతా పైకి తేలిపోయి, బెల్లం బంగారంలా దిగేది.

అంత మంచి సున్నం ఎట్లా చేస్తావని ఎవరన్నా అడిగితే మాచమ్మ ఒకటే మాట చెప్పేది.

"నాదేముంది నాయనా. రాయిని అడుగుతా."

రాయిని అడగడమంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ముసలిదానికి కాస్త పిచ్చి అనుకునేవాళ్లు.

ఆ గుట్టకు దూరంగా, వాగు ఒడ్డున మూడు ఊళ్లున్నాయి. ఎగువ ఊరు, నడిమి ఊరు, దిగువ ఊరు. వానాకాలంలో వాగు పొంగి పోయేది. వాన వెళ్లగానే ఎండిపోయేది. మూడు ఊళ్లవాళ్లూ వాగు ఇసుకలో చెలమలు తోడుకుని తాగేవాళ్లు. ఆ మూడు ఊళ్లకూ పెద్ద పెద్దినాయుడు. ఆయన ఒకరోజు అందరినీ పిలిచి, "వాగుకు అడ్డంగా రాతికట్ట కడదాం. నీళ్లు ఆగితే మన పిల్లలు వలస పోనక్కర్లేదు" అన్నాడు. అందరూ సరేనన్నారు.

కట్ట పని ఓబన్న మేస్త్రీకి అప్పగించారు. ఓబన్న మంచి పనివాడు. రాయి మీద రాయి పెడితే నడుమ వెంట్రుక దూరదు. కానీ పాలగుట్ట దూరమని, వాగు పక్కనే ఉన్న బూడిదరంగు రాయిని తవ్వించి, అక్కడే కాల్పించి, ఆ సున్నంతో కట్టాడు.

మాచమ్మ గాడిదను తోలుకుంటూ అటు పోతూ ఆ రాయి చూసింది. ఒక పెళ్ల పగలగొట్టింది. లోపల నల్లటి జీరలు కనిపించాయి.

"ఓబన్నా, రాయిని అడిగావా?" అంది.

ఓబన్న నవ్వాడు. "నీది ఆకులో పూసుకునే సున్నం. నాది వాగును ఆపే సున్నం. రెండూ ఒకటి కాదులే, పో అమ్మా."

మాచమ్మ పోయింది.

వానలొచ్చాయి. కట్టకు నీళ్లు ఎక్కాయి. నెల తిరిగేసరికి కట్ట నడుమ పగిలి, నీళ్లన్నీ పోయాయి.

రెండో ఏడు మళ్లీ కట్టారు. ఇంకా మందంగా కట్టారు. నీళ్లు ఎక్కాయి. కట్ట పగిలింది.

మూడో ఏడు మళ్లీ కట్టారు. ఇంకా ఎత్తుగా కట్టారు. నీళ్లు ఎక్కాయి. కట్ట పగిలింది. ఈసారి దిగువ ఊళ్లో గొడ్లు కొట్టుకుపోయాయి, ఇళ్లు కూలిపోయాయి.

అప్పుడు మూడు ఊళ్లకూ భయం పట్టుకుంది. దేవర పూనే గణాచారి జుట్టు విరబోసుకుని ఊగుతూ చెప్పాడు. "గంగమ్మ మనిషిని అడుగుతోంది. మనిషిని పునాదిలో పెట్టి కడితే కట్ట నిలుస్తుంది. లేకుంటే ఊళ్లు మిగలవు."

ఎగువ ఊరివాళ్లు మా ఊరి మనిషి వద్దన్నారు. నడిమి ఊరివాళ్లు మా ఊరి మనిషీ వద్దన్నారు. దిగువ ఊరివాళ్లు మేం ఇప్పటికే పోగొట్టుకున్నాం అన్నారు. చివరికి అందరి చూపూ ఒకచోట ఆగింది. ఏ ఊరికీ చెందని మనిషి ఒకడున్నాడు. కాటన్న. గొర్రెలు కాసుకుంటూ మూడు ఊళ్ల మధ్య తిరిగేవాడు. కాలు కొంచెం ఈడ్చేవాడు. ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు.

కాటన్నను పట్టుకొచ్చి కట్ట దగ్గర రాటకు కట్టేశారు. అతను పెనుగులాడలేదు. నేల చూస్తూ, "నా కుక్క ముసలిదైంది. గట్టి రొట్టె నమలలేదు. ఎవరన్నా నానబెట్టి పెట్టండి" అన్నాడు.

పెద్దినాయుడు మొహం తిప్పుకున్నాడు.

ఆ పొద్దున్నే మాచమ్మ సున్నం అమ్ముకోవడానికి వచ్చింది. డప్పు వినిపించింది. ఏమిటని ఒకామెను అడిగింది. ఆమె చెప్పింది. మాచమ్మ గాడిదను అక్కడే వదిలేసి, పగిలిన కట్ట దగ్గరికి పోయింది. రాళ్ల మధ్యనుంచి సున్నం పెళ్ల ఒకటి ఊడబెరికింది. దాన్ని చేతిలో పట్టుకుని, మనుషులను తోసుకుంటూ నడుమకు వచ్చింది.

"నాయుడా," అంది, "రాయిని అడిగారా?"

గణాచారి కోపంగా చూశాడు. "సున్నం అమ్ముకునేదానికి దేవర సంగతి ఎందుకు?"

"దేవర సంగతి నాకు తెలియదయ్యా. సున్నం సంగతి తెలుసు." మాచమ్మ చేతిలోని పెళ్లను నాయుడికి చూపించింది. పెళ్ల నిండా చిన్న చిన్న గుంటలు. ప్రతి గుంటలోనూ ఒక తెల్లటి పలుకు విచ్చుకుని ఉంది. "ఇవి చూడు. ఈ రాయిలో మట్టి ఉంది, నల్లజీర ఉంది. ఇది సమంగా కాలదు. నీళ్లు పోస్తే పైపైన పిండవుతుంది. లోపల కొన్ని పలుకులు మొండిగా అట్లాగే ఉండిపోతాయి. గోడలో చేరి నిద్రపోతాయి. కట్టకు నీళ్లు ఎక్కాక, ఆ తడికి మేలుకుని ఉబ్బుతాయి. ఒక పలుకు ఉబ్బితే ఏమీ కాదు. వెయ్యి పలుకులు ఉబ్బితే కట్ట తనకు తానే పగులుతుంది. గంగమ్మ ఎవరినీ అడగలేదు."

"అది నిజమని రుజువేమిటి?" అన్నాడు ఓబన్న.

"మూడు రోజులియ్యండి. మూడు కుండలియ్యండి. రాయి తనే చెబుతుంది."

"చెప్పకపోతే?" అన్నాడు గణాచారి.

మాచమ్మ కాటన్న వైపు చూసింది. "చెప్పకపోతే అతని పక్కన నన్నూ పెట్టి కట్టండి. నాకూ ఏడ్చేవాళ్లు లేరు."

పెద్దినాయుడు లేచి నిలబడ్డాడు. "మూడు రోజులు ఇస్తున్నా. ఈ మూడు రోజులూ ఎవరూ అతని మీద చెయ్యి వెయ్యొద్దు."

మాచమ్మ మూడు కుండలు తెప్పించింది. ఒక కుండకు ఓబన్న రాయి తవ్విన మొదటి గుంట సున్నం. రెండో కుండకు ఓబన్న రాయి తవ్విన రెండో గుంట సున్నం. మూడో కుండకు తన గాడిద మీది పాలగుట్ట సున్నం. ముందు మూడింటినీ విడివిడిగా తొట్లలో వేసి నీళ్లు పోసింది. పాలగుట్ట సున్నం బుసబుసా పొంగి, ఉడికి, వెన్నలా చల్లారింది. ఓబన్న సున్నమూ ఉడికింది, కాకపోతే నిదానంగా. చూసేవాళ్లకు రెండూ తెల్లగానే కనిపించాయి. తర్వాత వాటిని కుండల్లోకి దట్టించి, పైన వేణ్ణీళ్లు పోసి, మూతికి రాయి బిగించి కట్టి, వెచ్చటి బూడిదలో పూడ్చి పెట్టింది. "కట్టలో నెలకు అయ్యేది ఈ వేడికి మూడు రోజుల్లో అవుతుంది" అంది.

మొదటి రోజు గడిచింది. ఏమీ కాలేదు.

రెండో రోజు గడిచింది. ఏమీ కాలేదు. జనం గుసగుసలాడారు. గణాచారి పునాది గుంట తవ్వించాడు.

మాచమ్మ కాటన్న పక్కన కూర్చుని అతనికి అంబలి తాగించింది. అతని కుక్కకు రొట్టె నానబెట్టి పెట్టింది.

"అమ్మా, నిజంగా పగులుతాయా?" అన్నాడు కాటన్న.

"పగలాలి."

"నీకు భయంగా లేదా?"

"ఉంది," అంది మాచమ్మ. "అయినా రాయి ఇప్పటిదాకా నాకు అబద్ధం చెప్పలేదు."

మూడో రోజు పొద్దెక్కింది. ఎండ నడినెత్తికి వచ్చింది. గణాచారి డప్పులవాళ్లను పిలిచాడు. ఇద్దరు మనుషులు కాటన్నను రాటనుంచి విప్పి గుంటవైపు నడిపించబోయారు.

అప్పుడు బూడిదలోంచి టక్కుమని చప్పుడైంది.

అందరూ ఆగిపోయారు. మాచమ్మ బూడిద తోసింది. మొదటి కుండ మూతినుంచి అడుగుదాకా నిలువునా చీలి ఉంది. చూస్తుండగానే రెండో కుండ నెర్రె విచ్చింది. ఇంకాస్సేపటికి పెంకు ఊడి పడింది. లోపలి సున్నం రొట్టెలా ఉబ్బి ఉంది.

మూడో కుండ చెక్కుచెదరలేదు. మాచమ్మ మూత తీసి, ఓబన్న ముందు పెట్టింది. ఓబన్న చెయ్యి అడుగుదాకా పోనిచ్చి కెలికాడు. ఒక్క పలుకు తగల్లేదు. వెన్నే. తర్వాత పగిలిన కుండల్లో చెయ్యి పెట్టాడు. వేళ్లకు గరగరమని పలుకులు తగిలాయి. ఓబన్న అక్కడే కూలబడ్డాడు.

"మూడేళ్లు," అన్నాడు. "మూడేళ్లు అందరి కష్టం నీళ్లపాలు చేశాను. ఒక మనిషిని చంపబోయాను. గుంటలో పెట్టాల్సింది నన్నే."

"నిన్ను పెడితే గోడ ఎవరు కడతారు?" అంది మాచమ్మ. "లే. పని చాలా ఉంది."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఒకరు నవ్వారు, పదిమంది నవ్వారు, తర్వాత ఆడవాళ్లు కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మూడు రోజులుగా ఎవరికీ ముద్ద దిగలేదు మరి. పెద్దినాయుడే వచ్చి కాటన్న చేతుల కట్లు విప్పాడు. "నా వల్ల తప్పు జరిగింది కాటన్నా" అన్నాడు. కాటన్న మణికట్లు రుద్దుకుని, ముందు కుక్క దగ్గరికి పోయాడు.

ఆ ఏడు మూడు ఊళ్లూ పాలగుట్టకు కదిలాయి. బండ్లున్నవాళ్లు బండ్లతో, లేనివాళ్లు తట్టలతో. మాచమ్మ గుట్ట మీద నిలబడి అందరికీ రాయిని అడగడం నేర్పింది. సుత్తితో కొట్టు, ఖంగున మోగాలి. పగలగొట్టు, లోపల జీర ఉండకూడదు. నిమ్మరసం పిండు, బుసబుసా నురగ రావాలి, అడుగున మట్టి మిగలకూడదు. మూడూ సరిపోతేనే బట్టీలోకి.

కాలిన సున్నాన్ని నానబెట్టి, జల్లించి, "నీళ్లలో నిలవాలంటే దీనికి తోడు కావాలి" అని ఇటుక పొడి కలిపించింది. ఎద్దులతో గానుగ తిప్పి నూరించింది. ఓబన్న కట్టాడు. రాయికీ రాయికీ మధ్య వెంట్రుక దూరకుండా కట్టాడు.

వానలొచ్చాయి. ఎగువన ఎక్కడో కురిసి, పట్టపగలు వాగు గోడలా దిగింది. జనమంతా మిట్ట ఎక్కారు. మాచమ్మ ఒక్కతే కట్ట మీదికి నడిచి, మధ్యలో కూర్చుంది. దిగి రమ్మని నాయుడు కేకలేశాడు. ఆమె కదల్లేదు. కొంతసేపటికి కాలీడ్చుకుంటూ కాటన్న వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఓబన్న వెళ్లి ఇంకోపక్క కూర్చున్నాడు.

నీళ్లు కట్ట సగానికి వచ్చాయి. ముప్పాతికకు వచ్చాయి. అంచుకు వచ్చాయి. తర్వాత పక్కన మిగులు నీళ్లకు వదిలిన అలుగు మీదుగా మెల్లగా పొర్లి, పాత వాగులోకి దారి చూసుకున్నాయి. కట్ట నిలిచింది. మాచమ్మ అరచేతిని రాళ్ల మీద ఆనించి చాలాసేపు ఉంచింది. తర్వాత ఊపిరి వదిలి, "ఇక కాస్త కునుకు తీస్తాను" అని ఆ కట్ట మీదే పడుకుంది.

నాయుడు ఆమెకు మాన్యం ఇస్తానన్నాడు. వద్దంది. ఇల్లు కట్టిస్తానన్నాడు. వద్దంది. ఏం కావాలో నువ్వే చెప్పు అన్నాడు.

"పాలగుట్ట రాయి ఎవరిదీ కాదని చెప్పించు. తోళ్లవాడు వచ్చినా, బెల్లంవాడు వచ్చినా, పూరిగుడిసె గోడకు పూసుకునేవాడు వచ్చినా రాయి కొట్టుకుని తీసుకుపోనీ."

నాయుడు అట్లాగే చాటింపు వేయించాడు.

మాచమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. పండు ముసలిదై, ఒక పొద్దున బట్టీ పక్కన కూర్చుని కూర్చునే పోయింది. ఏడ్చేవాళ్లు లేరనుకుంది కదా. ఎగువ ఊరు మా మనిషంది. నడిమి ఊరు మా మనిషంది. దిగువ ఊరు మా మనిషంది. చివరికి మూడు ఊళ్లూ కలిసి మోశాయి. కాటన్న తలకొరివి పెట్టాడు.

ఆ కట్ట ఇంకా ఉందని కొందరంటారు. ఏ వాగు మీదో మాత్రం తలో వాగు చెబుతారు. కానీ ఆ వైపు బట్టీలవాళ్లు ఇప్పటికీ కొత్త గుంట తవ్వితే, ఆ రాయి కాల్చిన సున్నాన్ని ముందు ఒక కుండలో పెట్టి మూడు రోజులు చూస్తారు. ఎంత తొందరున్నా రెండో రోజు గోడ మొదలుపెట్టరు. ఊళ్లలో ఎవరి మీదన్నా నింద పడి, జనం పోగై, చేతులు పైకి లేచినప్పుడు, గుంపులోంచి ఎవరో ఒక పెద్దావిడ మెల్లగా అంటుంది: "ఆగండయ్యా. మాచమ్మ కుండ పెట్టండి."

అంటే మూడు రోజులు ఆగమని. చేతులు దిగుతాయి. జనం ఇళ్లకు పోతారు.

కథ కట్ట మీద ఆగింది. మీరూ ఇక నిదానంగా ఇళ్లకు పోండి.