వెండిని వదలని గాజు

కుందనగిరి రాజు మల్లభూపతికి ఉన్నట్టుండి గాజు పళ్లెంలో భోంచేయాలనిపించింది. బంగారు పళ్లెంలో తిని తిని విసుగొచ్చిందట. పాపం, ఇలాంటి కష్టాలు రాజులకే వస్తాయి.

పని ఆస్థాన శిల్పాచార్యులు త్రిలోచన శాస్త్రిగారికి అప్పగించారు. ఆయన జన్మలో బట్టీ దగ్గరికి వెళ్లలేదు. చెమట పడితే పాండిత్యం కరిగిపోతుందని భయం కాబోలు.

"రాజుగారి పళ్లేనికి మట్టి అచ్చా? ఛీ! వెండి అచ్చు పోయించండి" అన్నారు.

బట్టీ కాసే ఓబయ్య చేతులు జోడించాడు. "అయ్యా, కరిగిన గాజు వట్టి వెండిని కరుచుకుంటుంది. చల్లారేటప్పుడు పగులుతుంది. మట్టి అచ్చుకు సుద్ద పూసి ఎండబెడితే తేలిగ్గా ఊడొస్తుంది."

"నాకే నేర్పుతావుట్రా?"

మూడు వెండి అచ్చులు పోయించారు. మూడుసార్లూ గాజు పగిలింది. పాడైన అచ్చులు మాత్రం భద్రంగా శాస్త్రిగారింటికి చేరాయి.

"ఓబయ్య మంటలో భక్తి లేదు ప్రభూ" అని తేల్చేశారు శాస్త్రిగారు.

వారంలో పళ్లెం రాకపోతే ఓబయ్య పెళ్లాంబిడ్డలతో సహా రాజ్యం విడిచిపోవాలన్నాడు రాజు.

ఓబయ్య ఏడుస్తూ విదూషకుడు సింగన్న దగ్గరికి పరుగెత్తాడు.

సింగన్న అంతా విని, "ఈసారి బట్టీలో రెండచ్చులు పెట్టు. ఆయనదొకటి, నీదొకటి" అన్నాడు.

గడువు నాడు సభలో పట్టుగుడ్డ తీస్తే, నీటిబొట్టులా మెరిసే పళ్లెం!

రాజు నోరు తెరిచేలోపే శాస్త్రిగారు లేచారు. "చూశారా ప్రభూ, నా వెండి అచ్చు మహిమ!"

"మట్టి అచ్చు కాదంటారా?" అమాయకంగా అడిగాడు సింగన్న.

"మట్టికి ఈ నునుపు వస్తుందా? కళ్లు మూసుకుని తడిమినా చెప్పొచ్చు!"

"పళ్లెం తిరగేయండి ప్రభూ."

రాజు తిరగేశాడు. అడుగున ఉన్న సుద్ద వేళ్లకు తెల్లగా అంటింది.

శాస్త్రిగారు అటూ ఇటూ చూశారు. "మరి... నా అచ్చులో పళ్లెం ఏదీ?"

ఓబయ్య వెండి అచ్చు తెచ్చి ముందు పెట్టాడు. లోపల గాజు నిలువునా పగిలి, అచ్చును కరుచుకుని ఉంది. రాజు బోర్లించి దులిపాడు. ఒక్క పెంకూ రాలలేదు.

"ఇదేం మొండిపట్టు సింగన్నా?"

"వెండి దొరికితే వదలకూడదని శాస్త్రిగారి దగ్గరే నేర్చుకుంది ప్రభూ!"

పాడైన అచ్చులన్నీ ఎవరింటికి చేరాయో తెలిసిన సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ తన ఉంగరం తీసి సింగన్నకిచ్చాడు. బట్టీ పెత్తనం ఓబయ్యకు దక్కింది.

శాస్త్రిగారినీ వట్టి చేతుల్తో పంపలేదు. ఆ వెండి అచ్చులకు అంటిన గాజు పెంకులు ఒలవడానికి ఒక ఉలి ఇప్పించారు.